శంషాబాద్ నుంచి ఓహేర్ దాకా: దూరం ఒకటే, ప్రయాణ కాలాలు ఎన్నో

శంషాబాద్ విమానాశ్రయం నుంచి షికాగోలోని ఓహేర్ విమానాశ్రయానికి ఎంత దూరమని ఏ వెబ్‌సైట్‌ను అడిగినా 13,300 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఒక అంకె చూపి, దాని పక్కనే ప్రయాణ కాలం పదిహేను గంటలని మరో అంకె చూపిస్తుంది. అదే మనిషి టికెట్ కొనబోతే కనిపించే కాలం మామూలుగా ఇరవై గంటల పైమాటే, ముప్పై గంటలు దాటినా ఆశ్చర్యం లేదు. వెళ్ళేటప్పటి లెక్క వచ్చేటప్పటి లెక్కతో కలవదు. తిరిగి ఇల్లు చేరి తేదీలు చూసుకుంటే మధ్యలో ఒక రోజు ఎక్కడో జారిపోయినట్టు ఉంటుంది. ఈ అంకెల్లో ఏదీ అబద్ధం కాదు. ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకు జవాబు. ఆ ప్రశ్నలన్నింటినీ మనం 'ఎంత దూరం' అనే ఒకే మాటతో అడుగుతాం కనుక జవాబులు ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనిపిస్తాయి.

వీటిలో సులువైనది జ్యామితికి సంబంధించిన ప్రశ్న. బంతి మీద రెండు చుక్కలు పెట్టి వాటి మధ్య అతి దగ్గరి దారి ఏదని అడిగితే, ఆ దారి ఎప్పుడూ ఒక మహావృత్తంలో భాగమై ఉంటుంది. బంతిని సరిగ్గా రెండు సమాన చిప్పలుగా కోస్తే కోత అంచున ఏర్పడే వృత్తమే మహావృత్తం. భూమధ్యరేఖ అలాంటిదే, ఒకదానికొకటి ఎదురుగా ఉన్న రెండు రేఖాంశాలను కలిపినా అలాంటిదే వస్తుంది. కర్కటరేఖ మాత్రం కాదు, ఎందుకంటే అది భూమిని సమానంగా కోయదు. శంషాబాద్ 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఓహేర్ 41.98 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 87.90 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉంది. ఈ నాలుగు అంకెలను గోళీయ త్రికోణమితి సూత్రంలో వేస్తే, భూకేంద్రం నుంచి చూసినప్పుడు రెండు విమానాశ్రయాల మధ్య కోణం దాదాపు 119.4 డిగ్రీలుగా తేలుతుంది. భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అనుకుంటే ఒక్కో డిగ్రీకి సుమారు 111.2 కిలోమీటర్లు వస్తాయి కనుక మొత్తం దూరం 13,280 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలతలో సగం 20,000 కిలోమీటర్లు కాబట్టి, ఇది భూమి మీద ఒక చోటి నుంచి మరో చోటికి ఉండగల గరిష్ఠ దూరంలో మూడింట రెండు వంతులు.

వెబ్‌సైట్ల అంకెలు ఒకదానితో ఒకటి పదీ ఇరవై కిలోమీటర్లు తేడాగా ఉండడానికి కారణం, భూమి అచ్చమైన గోళం కాకపోవడం. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర 6,357 కిలోమీటర్లు. ఈ నొక్కును లెక్కలోకి తీసుకున్న సూత్రానికీ, తీసుకోని సూత్రానికీ చిన్న తేడా వస్తుంది. మైళ్ళతో వచ్చే గందరగోళం ఇంకాస్త పెద్దది: ఇదే దూరం అమెరికా రోడ్ల మీది మైళ్ళలో 8,250, పైలట్లు వాడే నాటికల్ మైళ్ళలో 7,170 అవుతుంది, రెండింటినీ 'మైళ్ళు' అనే రాస్తారు. విమానం పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కదా, పై వృత్తం పెద్దది కనుక దూరం పెరగదా అని అడిగేవారు ఉంటారు. పెరుగుతుంది, మొత్తం మీద 23 కిలోమీటర్లు. దాన్ని ఎవరూ పట్టించుకోరు.

అసలు తికమక గోడ మీది పటంతో మొదలవుతుంది. బడిలో మనం చూసి పెరిగిన ప్రపంచ పటాలు చాలావరకు 1569లో గెరార్డస్ మెర్కేటర్ గీసిన పద్ధతినో, దాని దగ్గరి చుట్టాలనో అనుసరించినవి. మెర్కేటర్ పటం నావికుల కోసం పుట్టింది. దిక్సూచి ముల్లును ఒకే కోణంలో ఉంచి ఓడను నడిపితే ఆ దారి పటం మీద సరళరేఖగా కనిపించాలన్నది దాని ఉద్దేశం, ఆ పని అది చక్కగా చేస్తుంది. ఆ పటం మీద హైదరాబాద్ నుంచి షికాగోకు స్కేలుతో గీత గీస్తే అది అరేబియా మీదుగా, ఉత్తర ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ దాటి పోతుంది. నేరుగా కనిపించే ఆ గీత నిడివి లెక్క కడితే దాదాపు 16,100 కిలోమీటర్లు. అంటే పటం మీది సరళరేఖ అసలు దగ్గరి దారి కంటే 2,800 కిలోమీటర్లు ఎక్కువ. అది హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు సార్లు ఎగిరినంత అదనం.

గ్లోబు మీద దారం పట్టుకుని చూస్తే సంగతి బోధపడుతుంది. ఒక కొస హైదరాబాద్ మీద, మరో కొస షికాగో మీద పెట్టి బిగించి లాగితే దారం పడమరకు పోదు, ఉత్తరానికి పోతుంది. శంషాబాద్‌లో బయలుదేరేటప్పుడు దాని దిశ సరిగ్గా ఉత్తరానికి పన్నెండు డిగ్రీలు మాత్రమే పడమరగా ఉంటుంది. అమెరికా అంటే పడమర అని మనకు మాటల్లో, మనసులో స్థిరపడిపోయింది. నిజానికి ఆ దారిలో తొలి మూడు వేల కిలోమీటర్లు వెళ్ళేవారికి కుడివైపు కిటికీలో తూర్పు, ఎడమవైపు కిటికీలో పడమర కనిపిస్తాయి. దారం రాజస్థాన్ ఉత్తర భాగం మీదుగా అమృత్‌సర్‌ను తాకుతున్నట్టు పోయి, కశ్మీర్ లోయ పడమటి అంచు దాటి, గిల్గిత్ ప్రాంతంలో నంగా పర్వతానికి దగ్గరగా సాగుతుంది. ఆ పైన అఫ్ఘానిస్థాన్‌లో సన్నని తోకలా ఉండే వాఖాన్, పామీర్ పీఠభూమి, ఫెర్గానా లోయ, కజకిస్థాన్ మైదానాలు వస్తాయి. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర యూరల్ పర్వతాల పక్కగా రష్యాను కోసుకుంటూ బారెంట్స్ సముద్రంలోకి దిగుతుంది.

తర్వాత వచ్చే ఊరు పేరు మన దగ్గర ఎక్కువమంది విని ఉండరు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, 78 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న లాంగియర్‌బియెన్ దాదాపు ఈ దారం కిందే పడుతుంది. అక్కడి నుంచి ఇంకాస్త పైకి, స్వాల్‌బార్డ్‌కూ గ్రీన్‌లాండ్‌కూ మధ్య సముద్రం మీద 79 డిగ్రీల దగ్గర దారి తన శిఖరాన్ని అందుకుని, అప్పటి నుంచి కిందికి వంగుతుంది. గ్రీన్‌లాండ్ మంచు, బాఫిన్ దీవి, హడ్సన్ అఖాతం తూర్పు ఒడ్డు, ఒంటారియో అడవులు దాటి మిషిగన్ సరస్సు మీదుగా షికాగోలోకి వస్తుంది. దాదాపు తొమ్మిది గంటలు ఉత్తరానికి పోతున్నట్టు ఉన్న విమానం, దిక్కు మార్చుకున్నట్టే తెలియకుండా, చివరికి దక్షిణానికి పోతూ దిగుతుంది. ఇది వంకర దారి కాదు. భూమి మీద ఈ రెండు చోట్ల మధ్య ఇంతకంటే తిన్నని దారి లేదు.

అయితే ఈ దారం మీద ఉన్నది ఉన్నట్టు ఏ విమానమూ ఎగరదు, దానికి మొదటి అడ్డంకి కొండలు. పదకొండు వేల మీటర్ల ఎత్తున ఎగిరే విమానానికి 8,126 మీటర్ల నంగా పర్వతం తగలదన్నది నిజమే. కానీ విమానం లోపల గాలి పీడనం ఉన్నట్టుండి పడిపోతే, పైనుంచి జారే మాస్కుల్లో ప్రాణవాయువు పదిహేను, ఇరవై నిమిషాలకు మించి రాని ఏర్పాటే చాలా విమానాల్లో ఉంటుంది. ఆ లోపు పైలట్లు మూడు వేల మీటర్ల ఎత్తుకు, అంటే మాస్కు లేకుండా ఊపిరి తీసుకోగల చోటికి దిగాలి. కింద ఏడు వేల మీటర్ల శిఖరాలు వరుసగా ఉన్నచోట ఆ దిగడం కుదరదు. అందుకే హిందూకుష్, కారకోరం, టిబెట్ మీదుగా పోయే మార్గాలు తక్కువ. ఉన్నవాటిలోనూ ఏ చోట పీడనం పోతే ఏ లోయ వైపు తప్పుకోవాలో ముందుగానే నిర్ణయించి ఉంచుతారు.

చలి వల్ల వచ్చే నియమాలు వేరు. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం పైభాగాన్ని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ధ్రువ ప్రాంతంగా లెక్కిస్తుంది, మన దారం దాని గడపను తొక్కుతుంది. ఈ ప్రాంతంలో ఎగిరే విమాన సంస్థ, అవసరమైతే దిగగల విమానాశ్రయాలు ఏవో, అక్కడ చిక్కుకున్న ప్రయాణికులను ఎలా తీసుకురావాలో ముందే తేల్చుకోవాలి. రెక్కల్లోని ఇంధనం గడ్డకట్టే ప్రమాదం కూడా చూసుకోవాలి. ఇక్కడ ఒక చిన్న విశేషం ఉంది. మన దేశంతో సహా ప్రపంచంలో చాలాచోట్ల వాడే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దాకా తట్టుకోవాలి. అమెరికాలో వాడే జెట్ ఎ కి ఆ హద్దు మైనస్ 40 డిగ్రీలే. అంటే ఒకే విమానం, ఒకే దారి అయినా, షికాగోలో ఇంధనం నింపుకుని తిరిగి వచ్చేటప్పుడు చలికి ఎక్కువ జడవాలి, అవసరమైతే వెచ్చని గాలి ఉన్న ఎత్తుకు దిగి పోవాలి.

కొండనూ చలినీ లెక్కగట్టి దాటవచ్చు, మూసిన గగనతలాన్ని దాటలేము. పైన చెప్పిన దారం భారత సరిహద్దు దాటగానే ప్రవేశించేది పాకిస్థాన్ నియంత్రణలోని గగనతలం. 2019లో బాలాకోట్ దాడుల తర్వాత ఫిబ్రవరి చివరి నుంచి జులై మధ్య వరకు అది మన విమానాలకు దాదాపు మూసుకుపోయింది. 2025 ఏప్రిల్‌లో పహల్‌గామ్ దాడి తర్వాత భారతీయ విమానాలకు మళ్ళీ మూశారు. అఫ్ఘానిస్థాన్‌లో 2021 ఆగస్టులో తాలిబన్లు అధికారం చేజిక్కించుకున్న తర్వాత ఆకాశంలో ట్రాఫిక్‌ను నియంత్రించే వ్యవస్థే కుప్పకూలింది. రష్యా 2022 ఫిబ్రవరి తర్వాత అమెరికా, ఐరోపా యూనియన్ విమాన సంస్థలను తన మీదుగా ఎగరనివ్వడం లేదు. భారతీయ సంస్థలకు మాత్రం ఆ తలుపు తెరిచే ఉంది. దీని ఫలితంగా ఒకే రెండు నగరాల మధ్య ఎగిరే రెండు సంస్థలకు రెండు వేర్వేరు భూగోళాలు ఉన్నట్టయింది. విమానం తోక మీద ఏ దేశపు జెండా ఉందన్నదాన్ని బట్టి దూరం మారిపోతోంది.

ఈ మూసివేతలు అన్ని ఊళ్ళనూ ఒకే తీరుగా దెబ్బతీయవు. ఢిల్లీ నుంచి షికాగోకు మహావృత్తం మీద దూరం దాదాపు 12,020 కిలోమీటర్లు. పాకిస్థాన్, రష్యా రెండింటినీ తప్పించి, మస్కట్, ఇస్తాంబుల్ మీదుగా చుట్టి పోతే అది 14,100 దాటుతుంది. అంటే అదనం రెండు వేల కిలోమీటర్ల పైమాటే. హైదరాబాద్ నుంచి అదే చుట్టు లెక్క కడితే 14,370 కిలోమీటర్లు వస్తాయి, అదనం 1,100 కిలోమీటర్ల లోపే. హైదరాబాద్ దక్షిణాన ఉండడం వల్ల అరేబియా సముద్రం వైపు జరగడానికి పెద్దగా వెనక్కి రావలసిన పని లేదు. ఢిల్లీ విమానం మాత్రం ముందు కొంత దక్షిణానికి వచ్చి, ఆ తర్వాతే పడమర పట్టాలి. మామూలు రోజుల్లో అమెరికాకు ఢిల్లీ మనకంటే 1,260 కిలోమీటర్లు దగ్గర. ఆకాశం మూసుకున్న రోజున ఆ వెసులుబాటు దాదాపు 260 కిలోమీటర్లకు కుంచించుకుపోతుంది. 2025లో ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికాకు నేరుగా పోవలసిన కొన్ని ఎయిర్ ఇండియా విమానాలు వియన్నాలో ఆగి ఇంధనం నింపుకోవలసి రావడానికి కారణం ఇదే. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఢిల్లీ-వాషింగ్టన్ సర్వీసును ఆపేస్తూ ఆ సంస్థ చెప్పిన కారణాల్లో విమానాల కొరతతో పాటు పాకిస్థాన్ గగనతలం కూడా ఉంది.

చుట్టు తిరిగిన కిలోమీటర్లకు అయ్యే ఖర్చు సమయం ఒక్కటే కాదు. దూరం పెరిగితే ఇంధనం పెరగాలి, పెరిగిన ఇంధనాన్ని మోయడానికి మళ్ళీ ఇంధనం కావాలి. అదనంగా ఎక్కించిన బరువులో గంటకు మూడు, నాలుగు శాతం చొప్పున ఇంధనం కేవలం ఆ బరువును మోయడానికే కాలిపోతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే మోటు లెక్క. పదహారు గంటల ప్రయాణం చివర ఒక టన్ను మిగలాలంటే బయలుదేరేటప్పుడు ఒకటిన్నర టన్నుకు పైగానే పోసుకోవాలి. బోయింగ్ 777-200ఎల్ఆర్ గరిష్ఠ టేకాఫ్ బరువు 347 టన్నులు. ట్యాంకులు నిండుగా నింపితే ఇంధనమే 145 టన్నులు, అంటే మొత్తం బరువులో పదింట నాలుగు పాళ్ళు. శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం ఎండకు పలుచబడిన గాలిలో, ఆ ఎత్తున, అంత బరువును లేపడం రన్‌వేకూ ఇంజన్లకూ పెద్ద పరీక్ష. దూర ప్రయాణాల విమానాలు ఎక్కువగా రాత్రి చల్లబడ్డాక బయలుదేరడానికి కనెక్షన్ల లెక్కలు ప్రధాన కారణమైనా, ఈ సంగతి కూడా దానికి కలిసొస్తుంది.

ఇన్ని అడ్డంకుల మధ్య కూడా ఈ రెండు నగరాలను నేరుగా కలిపిన విమానం ఒకటి ఉండేది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా 777-200ఎల్ఆర్‌తో హైదరాబాద్-షికాగో నాన్‌స్టాప్‌ను వారానికి ఒకసారి మొదలుపెట్టింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో-బెంగళూరు సర్వీసు కూడా మొదలై, కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళలే ఉన్న పైలట్ల బృందం ఉత్తర ధ్రువం మీదుగా తొలి విమానాన్ని తీసుకురావడంతో దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. మన షికాగో విమానం ఆ సందడిలో కొంత మరుగున పడింది. అది ఎక్కువ కాలం నిలవలేదు. తెలుగువారు ఇంతమంది అమెరికాలో ఉండగా ఒక్క నాన్‌స్టాప్ ఎందుకు నిలవదన్న ఆవేదన తరచు వినిపిస్తుంటుంది. విమానంలో సీట్లు నిండడం ఒక లెక్క, అంత ఇంధనం మోస్తూ సగటు మనిషి పెట్టగల టికెట్ ధరకు నడపడం ఇంకో లెక్క. గల్ఫ్‌లో ఒకసారి ఆగే విమానం ఈ రెండో లెక్కలో ఎప్పుడూ ముందుంటుంది.

ఇక గాలి సంగతి. ప్రయాణ కాలం గురించిన అపోహల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉన్నాయి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కనుక పడమరకు పోయే విమానానికి గమ్యం ఎదురొస్తుందని, అందువల్ల త్వరగా చేరాలని కొందరు వాదిస్తారు. భూమితో పాటు దాని వాతావరణం కూడా తిరుగుతోంది. విమానం ఈదేది ఆ వాతావరణంలోనే. నడుస్తున్న రైల్లో పెట్టె మధ్యలో ఎగిరే ఈగకు రైలు వేగంతో పని లేనట్టే ఇదీ. నిజానికి జరిగేది ఆ వాదనకు సరిగ్గా తలకిందులు: తూర్పుకు వచ్చేటప్పుడే త్వరగా చేరతాము. ఉష్ణమండలం వేడికీ ధ్రువాల చలికీ మధ్య ఉన్న తేడా, దానికి తోడు భూభ్రమణం కలిసి, తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు పారే గాలి ప్రవాహాలను పుట్టిస్తాయి. వీటినే జెట్ స్ట్రీములు అంటారు. చలికాలంలో వీటి వేగం గంటకు 200 కిలోమీటర్లను తేలిగ్గా దాటుతుంది.

జపాన్ వాతావరణ శాస్త్రవేత్త ఓయిషి వసబురో 1920లలోనే బెలూన్లు ఎగరేసి ఈ గాలులను గుర్తించాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో తన నివేదికను 1926లో ఎస్పెరాంటోలో, అంటే అన్ని దేశాలవారికీ ఉమ్మడిగా ఉండాలని కొత్తగా తయారుచేసిన భాషలో, ప్రచురించాడు. ఫలితంగా దాదాపు ఎవరూ చదవలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వచ్చిన అమెరికా బాంబర్లు ఆ గాలి దెబ్బ తిన్నాకే దాని సంగతి లోకానికి బాగా తెలిసింది. ఆ గాలి ఏం చేయగలదో తెలియాలంటే 2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కు వచ్చిన ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747ను చూడాలి. సియారా తుఫాను వేళ జెట్ స్ట్రీము మీద స్వారీ చేస్తూ అది నేలతో పోల్చినప్పుడు గంటకు 1,300 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుని, 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది. అంతమాత్రాన అది ధ్వని వేగాన్ని దాటలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే దాని వేగం మామూలుగానే ఉంది. సీటు ముందు తెర మీద కనిపించే 'గ్రౌండ్ స్పీడ్' గాలి వేగాన్ని కూడా కలుపుకున్నదని గుర్తుంటే ఆ అంకె చూసి కంగారు పడనక్కర్లేదు.

మన దారికి దీన్ని అన్వయిద్దాం. విమానం గాలిలో గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోతుందనుకుంటే, గాలి కదలని రోజున 13,280 కిలోమీటర్లకు 14 గంటల 45 నిమిషాలు పడుతుంది. వెబ్‌సైట్లు చూపే పదిహేను గంటలు ఇక్కడి నుంచే వస్తాయి. దారి పొడవునా సగటున గంటకు 100 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే 16 గంటల 36 నిమిషాలు, అంతే వాలుగాలి ఉంటే 13 గంటల 17 నిమిషాలు పడుతుంది. పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు తిరిగి వస్తుంది కదా, రానూపోనూ కలిపితే సమానమే కదా అనిపిస్తుంది. సమానం కాదు. రెండూ కలిపితే గాలి లేని రోజు కంటే 22 నిమిషాలు ఎక్కువే అవుతుంది, ఎందుకంటే ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉంటుంది, వాలుగాలిలో తక్కువ సేపు ఉంటుంది. గోదావరిలో ఎదురీది వెనక్కి వచ్చినవారికి ఈ లెక్క సూత్రం లేకుండానే తెలుసు.

ధ్రువాల దారికి ఇక్కడ ఒక మేలు ఉంది. జెట్ స్ట్రీము పడమర నుంచి తూర్పుకు పారుతుంది. మన దారం ఉత్తర-దక్షిణంగా దాన్ని అడ్డంగా కోస్తుంది. పడవ ఏటికి ఎదురు పోవడం వేరు, ఏటిని దాటడం వేరు. కాబట్టి షికాగోకు పోయేటప్పుడు ఉత్తరపు దారి, తిరిగి వచ్చేటప్పుడు వాలుగాలి కోసం అట్లాంటిక్ దారి లాభసాటి అయ్యే రోజులు చాలా ఉంటాయి. ఏ రోజు ఏ దారి అన్నది ఆ రోజు వాతావరణ అంచనా వచ్చాకే తేలుతుంది. పొడుగు దారే ముందు చేర్చడానికి ఎయిర్ ఇండియాదే మరో ఉదాహరణ ఉంది. 2016 అక్టోబరులో ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు మార్చారు. అట్లాంటిక్ దారి 13,900 కిలోమీటర్లు, పసిఫిక్ దారి 15,300 కిలోమీటర్లు. అయినా విమానం పద్నాలుగున్నర గంటల్లో, ముందుకంటే తక్కువ సమయంలోనే చేరింది, కారణం దారంతా వాలుగాలి.

టికెట్ మీద రాసే కాలం మళ్ళీ ఇంకొకటి. అది గాలిలో ఉన్న కాలం కాదు, చక్రాలకు పెట్టిన అడ్డుచెక్కలు ఒక చోట తీసినప్పటి నుంచి మరో చోట పెట్టేదాకా పట్టే కాలం. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా పాకడం, వరుసలో ఆగడం, షికాగో చలికాలమైతే రెక్కల మీది మంచు కరిగించే మందు చల్లడం, దిగాక గేటు ఖాళీ అయ్యేదాకా నిలబడడం, ఇవన్నీ అందులో ఉంటాయి. పైగా ఆలస్యమైనా సమయానికి చేరినట్టు కనిపించేలా సంస్థలు కొన్ని నిమిషాలు ముందే కలిపి ఉంచుకుంటాయి. 'అరగంట ముందే దిగుతున్నాం' అని పైలట్ ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టే ముందు ఈ సంగతి తలచుకోవచ్చు.

ఒకసారి ఆగే ప్రయాణం గురించి ఉన్న అభిప్రాయాన్ని కూడా కొంత సరిచేసుకోవాలి. దుబాయ్ మీదుగా పోతే చాలా చుట్టు తిరుగుతున్నామని అనుకుంటాము. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి షికాగో 11,640, మొత్తం 14,190. లండన్ మీదుగా 14,100. అంటే నేరు దారి కంటే పెరిగింది ఏడు శాతం లోపే, గాలిలో గంట సేపు. మిగిలిన ఆరేడు గంటల తేడా అంతా నేల మీదే పోతుంది: దిగడం, భద్రతా తనిఖీ, తర్వాతి విమానం కోసం కూర్చోవడం, మళ్ళీ ఎగరడం. అందువల్ల ప్రయాణ కాలం తగ్గించుకోదలచినవారు పటం మీద ఏ ఊరు దారిలో ఉందని చూడడం కన్నా, రెండు విమానాల మధ్య ఎన్ని గంటల విరామం ఉందో చూడడం ఉపయోగకరం. వృద్ధులైన తల్లిదండ్రులు మొదటిసారి ఒంటరిగా పోతున్నప్పుడు మాత్రం నాలుగు గంటల విరామాన్ని నష్టం కింద రాయకూడదు. గంటన్నరలో టెర్మినల్ మారవలసిన చౌక టికెట్ కొనిచ్చి, తర్వాత రాత్రంతా ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్లలు చాలామందే ఉంటారు.

చివరిది గడియారం. షికాగో మనకంటే చలికాలంలో పదకొండున్నర గంటలు, మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా పదిన్నర గంటలు వెనక ఉంటుంది. టికెట్ మీద రెండు సమయాలూ ఆయా ఊళ్ళ సమయాలే కనుక వాటిని నేరుగా తీసివేయకూడదు. జనవరిలో మధ్యాహ్నం ఒంటిగంటకు శంషాబాద్‌లో ఎగిరిన నాన్‌స్టాప్ అదే రోజు సాయంత్రం ఐదున్నరకు షికాగోలో దిగిందంటే ప్రయాణం నాలుగున్నర గంటలు కాదు. దానికి పదకొండున్నర కలిపితే పదహారు గంటలు. తిరుగు ప్రయాణంలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకు షికాగోలో ఎక్కితే మన దేశంలో అప్పటికే గురువారం ఉదయం తొమ్మిది. పదిహేను గంటల నలభై నిమిషాలు ఎగిరితే శంషాబాద్‌లో దిగేది అర్ధరాత్రి దాటి శుక్రవారం పన్నెండు గంటల నలభై నిమిషాలకు. టికెట్ మీద బయలుదేరే, చేరే తేదీలు చూస్తే గురువారం ఎక్కడా కనిపించదు. శుక్రవారం పగటిపూట పెళ్ళికి అందుతామా అని అడిగే బంధువులకు ఈ లెక్క చెప్పి ఒప్పించడం, గోళీయ త్రికోణమితి చెప్పి ఒప్పించడం కంటే కష్టం.

ఎండాకాలంలో ఇదే ఉత్తరపు దారిన పోతే గడియారంతో పాటు సూర్యుడు కూడా మన లెక్క తప్పిస్తాడు. జూన్‌లో ఒంటిగంటకు శంషాబాద్‌లో బయలుదేరిన విమానం, కజకిస్థాన్ మీద సాయంత్రం పడేలోగా ఆర్కిటిక్ వలయానికి దగ్గరవుతుంది. ఆ నెలలో అక్కడ సూర్యుడు అస్తమించడు. అటువైపు కెనడాలోకి దిగేసరికి అక్కడ మధ్యాహ్నమై ఉంటుంది. పదహారున్నర గంటల తర్వాత, భారత కాలమానంలో తెల్లవారుజామున ఐదున్నర అవుతుండగా, షికాగోలో సాయంత్రం ఏడింటికి విమానం దిగుతుంది, అప్పటికి అక్కడ ఇంకా పొద్దు గుంకదు. కిటికీ తెర ఎప్పుడు ఎత్తి చూసినా ఎండే.